ఏడు మడతల మేనత్త

పొద్దున్నే ఆరున్నరకు అలారం మోగగానే అమ్మాయి లేచి, మొహం కడుక్కుని, బట్టల అలమార తెరిచి మేనత్తను విప్పేది. పై అరలో తువ్వాళ్ల పక్కన దుప్పటిలా సర్దుకుని పడుకునేది మేనత్త. రెండు చేతులతో జాగ్రత్తగా దించి మంచం మీద పెట్టి, ముందు మెడ, తరవాత నడుము, ఆ తరవాత మోకాళ్లు, ఇలా ఒక్కొక్కటే విప్పుకుంటూ రావాలి. తొందరపడితే మేనత్తకు ఎక్కిళ్లు పట్టుకుంటాయి. మొత్తం విప్పేసరికి పది నిమిషాలు పట్టేది. విప్పాక ఆవిడ మంచం చివర కూర్చుని, గీతలు పడిన చేతులు రుద్దుకుంటూ, "ఏమ్మా, నిద్ర పట్టిందా?" అని అడిగేది. అలమారలో పడుకున్నది ఆవిడ, అడిగేది ఈ పిల్లని.

అమ్మాయి ఆర్కిటెక్చర్ మూడో ఏడు. ఎక్స్చేంజి సెమిస్టరని ఆరు నెలలకు ఈ దేశం పంపారు. మన ఖండంలోనే, విమానంలో అయిదు గంటల ప్రయాణం. అయినా ఆడపిల్ల ఒక్కతే ఎలా ఉంటుందని నాన్నకు బెంగ పట్టుకుంది. తోడు పంపుదామంటే రెండో టికెట్టు ఎక్కణ్ణించి తెస్తారని అమ్మ అడిగింది. టికెట్టు దేనికి, అక్కయ్య మడతపడుతుంది కదా అన్నాడు నాన్న. విమానాశ్రయంలో కాటా దగ్గర ఉద్యోగి సూట్‌కేసు తూచి, "బ్యాటరీలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవండీ. మా మేనత్త ఉంది."

"అయితే పగిలే సామాను చీటీ అంటిస్తాను" అని అంటించి, వరసలో తరవాతి మనిషిని పిలిచాడు.

మేనత్త పుట్టుకతో మడత మనిషేమీ కాదు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ముప్ఫై ఏళ్ల కిందట తమ్ముడికి పెళ్లయి, కొత్త దంపతులకు గది కావలసి వస్తే, ఆవిడ తన గది ఖాళీ చేసి హాల్లోకి వచ్చి మొదటి మడత వేసుకుంది. చుట్టాలు వచ్చినప్పుడు రెండోది వేసుకుంది. పిల్లలు పుట్టాక మిగతావీ వచ్చేశాయి. ఆవిడ పెళ్లి మాత్రం ఈ ఏడు కాదు, పై ఏడు అనుకుంటూ అనుకుంటూ చివరికి అందరూ మరిచిపోయారు. ఇంటికొచ్చినవాళ్లు "ఇంత చిన్న ఇంట్లో ఎంత బాగా సర్దుకుపోతున్నారండీ" అంటే నాన్న పొంగిపోయేవాడు. సర్దుకుపోతున్నది ఎవరో ఆయన ఆలోచించిన దాఖలా లేదు.

ఇప్పుడు అన్నయ్యకు పెళ్లి కుదిరింది. అమ్మాయి తిరిగొచ్చిన వారానికే ముహూర్తం. ఇంట్లో రెండో గదిలో అమ్మాయి మంచం, బొమ్మలు గీసుకునే బల్ల ఉన్నాయి. బయల్దేరే ముందు నాన్న కూతురి తల నిమిరి, "ఆర్నెల్లు అత్తతో ఒకే గదిలో ఉంటావు కదా తల్లీ. చదువుతో పాటు ఆ విద్య కూడా నేర్చేసుకో. వచ్చేసరికి ఏడు మడతలూ పట్టుబడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది ప్రేమే. అందుకే అమ్మాయికి కాదనడం చేతకాలేదు.

హాస్టల్లో గది అయిదో అంతస్తులో. మొదటిరోజే టేపు పెట్టి కొలిచింది. ఎనిమిది అడుగుల పొడవు, ఆరున్నర వెడల్పు. మంచం, బల్ల, కుర్చీ, అలమార పెట్టాక మిగిలినచోట ఒక మనిషి నిలబడితే రెండో మనిషి మంచం ఎక్కాలి. కిటికీ నాలుగు వేళ్లకు మించి తెరుచుకోదు. తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ, దాని మీద పైపులు. తలుపు తెరవాలంటే కార్డు కావాలి, కార్డు విద్యార్థులకే ఇస్తారు. అందుకని అమ్మాయి క్లాసుకు వెళ్లిన దగ్గర్నుంచీ సాయంత్రం వచ్చేదాకా మేనత్త ఆ పైపులు చూస్తూ కూర్చునేది. మూడో పైపు పగులు ఇచ్చిందనీ, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదనీ రోజూ చెప్పేది. తనొక్కతే బయట తిరుగుతున్నందుకు అమ్మాయికి సిగ్గేసేది. కానీ తిరిగింది మాత్రం ఏముంది? తోటివాళ్లు సాయంత్రం ఎటైనా వెళ్దాం రమ్మంటే, ఏడింటికల్లా గదిలో ఉండాలి, నాన్న ఫోన్ చేస్తాడు అనేది. నెల తిరిగేసరికి పిలవడం మానేశారు.

సరిగ్గా ఏడింటికి ఫోన్ మోగేది.

"ఎంతవరకు వచ్చింది తల్లీ?"

"మణికట్టు అయింది నాన్నా. మోచెయ్యి సగం వచ్చింది."

"శెభాష్. అక్కయ్యా, తొందరపెట్టకు. మెల్లిగా చెప్పు దానికి."

మేనత్త చెప్పమన్నది చెప్పే మనిషి. మణికట్టు మొదటి మడత, మోచెయ్యి రెండు, భుజం మూడు, చీలమండ, మోకాలు, నడుము, మెడ. "ఊపిరి బిగబట్టి, వేళ్లు లోపలికి తియ్యమ్మా. నొప్పిగా ఉందా? ఉంటుంది. మూడోరోజుకు తెలియదు" అని చెప్పి, చెప్పాక ఎందుకో మొహం పక్కకు తిప్పుకునేది.

నిజంగానే మూడోరోజుకు తెలియలేదు. నాలుగు నెలలు గడిచేసరికి మూడు మడతలు వచ్చాయి. అప్పట్నుంచే ఇబ్బంది మొదలైంది. స్టూడియోలో గీత గీస్తూ ఉంటే చెయ్యి దానంతటదే మణికట్టు దగ్గర ముడుచుకుపోయేది. బస్సులో పైనున్న కడ్డీ పట్టుకుంటే మోచెయ్యి మడతపడి, కడ్డీ వదిలేసి పక్కవాళ్ల మీద పడేది. అద్దంలో చూసుకుంటే రెండు మోచేతుల మీదా సన్నటి గీత. ఎంత రుద్దినా పోదు. ఒకరోజు స్నానం చేస్తూ ఆ గీత చూసుకుని అమ్మాయి ఏడ్చింది. ఇంకో నాలుగు పడితే అంతే, ఇక తన బతుకు పై అరలోనే అనుకుంది.

హాస్టల్లో గురువారం గురువారం పక్కబట్టలు మారుస్తారు. వాడినవన్నీ మూటకట్టి తలుపు బయట పెడితే లాండ్రీవాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఆ గురువారమే వార్డెన్ గదుల తనిఖీ కూడా పెట్టాడు. ఆయన పట్టింపల్లా విప్పిన మనుషుల మీదే. గదికి ఒక్కరే ఉండాలి. మడతపెట్టి ఉంటే సామాను కింద లెక్క. అందుకని ఆరోజు అమ్మాయి మేనత్తను విప్పలేదు. అలమార ఖాళీ చేసి చూపించాలి కనక దించి మంచం మీద దుప్పట్ల పక్కన పెట్టింది. వార్డెన్ వచ్చి చూసి వెళ్లాడు. స్టూడియోలో తొమ్మిదింటికి బొమ్మ చూపించాలి, గడియారం ఎనిమిదీ యాభై చూపిస్తోంది. అమ్మాయి మంచం మీదున్నదంతా ఒక్కపట్టున మూటకట్టి, తలుపు బయట పడేసి పరిగెత్తింది.

ఆ వారం అభ్యాసం, ఎవరు పెరిగిన ఇల్లు వాళ్లు కొలతలతో గియ్యడం. ఎవరెవరు ఎక్కడ పడుకుంటారో కూడా గుర్తు పెట్టాలి. ప్రొఫెసరమ్మ కళ్లజోడు పైకి నెట్టి, హాలు మూలనున్న చిన్న పెట్టె మీద వేలు పెట్టింది.

"ఇదేమిటి?"

"అలమారండీ. అందులో మా మేనత్త పడుకుంటుంది."

"రెండడుగులే ఉంది?"

"మడతపెడితే అంతేనండీ."

"సరే. విప్పితే ఎంత?"

అమ్మాయి కొలత రాద్దామని పెన్సిలు తీసింది. ఇరవయ్యేళ్లుగా చూస్తున్న మనిషి. గోడల్ని, గుమ్మాల్ని, మెట్లని కొలిచింది గానీ ఆవిడని ఎప్పుడూ కొలవలేదు. విప్పినా గీతల దగ్గర వంగే ఉంటుంది, నిలువుగా నిలబడగా చూడనే లేదు. విప్పితే ఎంత అని ఆలోచిస్తూ ఉండగా, ఇవాళ అసలు విప్పనే లేదన్న సంగతి గుర్తొచ్చింది. ఆ తరవాత మంచం, మూట, తలుపు వరసగా గుర్తొచ్చాయి. పెన్సిలు అక్కడే పడేసి పరుగు లంకించుకుంది.

లాండ్రీ హాస్టల్ బేస్‌మెంటులో. అమ్మాయి వెళ్లేసరికి అయిదో అంతస్తు బట్టలన్నీ ఉతకడం అయిపోయింది. పొడుగాటి ఇస్త్రీ యంత్రం తిరుగుతోంది. ఈ పక్క నుంచి తడిదుప్పటి పెడితే, వేడి రోలర్ల మధ్య నుంచి ఆ పక్కకి ఒక్క ముడత లేకుండా వస్తుంది. చెవుల్లో దూది పెట్టుకున్న లాండ్రీ ఆవిడ, యంత్రం చప్పుడు మీద అరిచి చెప్పింది.

"మీ మనిషేనా? మూటలో వచ్చింది. ముందే చెప్పాలి కదమ్మా, రంగు దిగేదేమోనని భయపడ్డాను!"

ఆవిడకు ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకుని ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంది. మొహం మీద గీత లేదు, మెడ మీద గీత లేదు. ఆ మనిషి తనవైపు తిరిగి నవ్వేదాకా అమ్మాయి పోల్చుకోలేకపోయింది.

"అత్తా! కాలిందా?"

"లేదే. వెచ్చగా ఉంది" అంది మేనత్త. "నడుం నొప్పి కూడా పోయింది. కాసేపాగు, ఈ వరస అయిపోనీ."

లాండ్రీలో రెండో పనిమనిషి కిందటేడే మానేసింది. దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని, లాగి, ఎదురెదురుగా నడిచి రావాలి. ఏడాదిగా లాండ్రీ ఆవిడ గోడకు మేకు కొట్టి, రెండో కొస దానికి తగిలించి నెట్టుకొస్తోంది. మేకు ఎదురు నడిచి రాదు కదా. మేనత్తకేమో మడతల సంగతి ఈ దేశంలో ఎవరికీ తెలియనంత తెలుసు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. అయినా ఇద్దరూ దుప్పటి పట్టుకుని దగ్గరికి నడవడం, కొసలు అందుకోవడం, మళ్లీ వెనక్కి నడవడం, చూస్తున్న అమ్మాయికి కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం ఏడింటికి ఫోన్ మోగింది. వీడియో ఫోన్లో మొహం పట్టకపోతే మేనత్త గోడదాకా వెనక్కి జరిగి నిలబడింది.

నాన్న చాలాసేపు చూశాడు. "అక్కయ్యా, నువ్వు నాకంటే పొడుగా?"

"అవున్రా. నాకూ ఇవాళే తెలిసింది."

"బాగానే ఉంది గానీ, మడతపడి చూపించు."

మేనత్త ప్రయత్నించింది. చెయ్యి ఇలా వంచితే అలా తిన్నగా లేచిపోయింది. రెండోసారి వంచితే బల్ల మీది దీపానికి తగిలింది.

"మరెలా వస్తావు? టికెట్టు ఒకటే ఉంది" అన్నాడు నాన్న.

"రానురా" అంది మేనత్త. ఆవిడ తమ్ముడికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అందుకే కాబోలు, ఆ మాట ఎలా అనాలో తెలియక చాలా మామూలుగా అనేసింది.

నాన్న ఫోను చెయ్యి మార్చుకుని, "సరే, నీ ఇష్టం. తల్లీ, నీకు మూడు వచ్చాయిగా. మిగతా నాలుగూ ఇంటికొచ్చాక నెమ్మదిగా చూసుకుందాం. నీ అర ఖాళీ చేయించాను. అడుగున కొత్త కాగితం కూడా పరిచాను, పువ్వుల కాగితం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అమ్మాయి మోచేతి మీది గీత రుద్దుకుంటూ కూర్చుంది.

మేనత్త మర్నాటి నుంచే బేస్‌మెంటులో పనికి కుదిరింది. మడతపడని మనిషి సామాను కిందకు రాదని వార్డెన్ ఆలోచించి, ఫొటో అంటించి కార్డు రాసిచ్చాడు. లాండ్రీ ఆవిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే మేనత్త అక్కడికి మారింది. "కాళ్లు చాపుకున్నా గోడ తగల్లేదే" అని ఆవిడ నెలరోజుల పాటు అందరికీ చెప్పింది. మూడో పైపు పగులు బాగుచేయించింది కూడా ఆవిడే.

ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం మేనత్త అమ్మాయిని ఇస్త్రీ బల్ల దగ్గరికి పిలిచింది. "చేతులు ఇలా పెట్టు" అంది, తడిగుడ్డ పిండుతూ.

అమ్మాయి చేతులు వెనక్కి తీసుకుంది. "మడత పోతే ఇంట్లో నాకు చోటెక్కడ అత్తా?"

"మడత వేసుకుంటే నాకు చోటిచ్చారా? అలమారలో అర ఇచ్చారు." మేనత్త కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ముప్ఫై ఏళ్లు నాకు ఊపిరాడలేదే పిచ్చిపిల్లా. అలవాటైపోయి తెలియలేదు. నీకు నేర్పుతూ ఉంటే తెలిసింది. తెలిసి కూడా నేర్పాను. నన్ను క్షమించు."

అమ్మాయి చేతులు చాపింది. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె మెల్లిగా నడిచింది. ముందు భుజం, తరవాత మోచెయ్యి, చివర మణికట్టు. కాలలేదు, వెచ్చగా ఉంది.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కయ్య రాదని తెలిసి కూడా నాన్న సూట్‌కేసు తెరిచి, బట్టల కింద చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ తగలక, కాసేపు అలాగే మూత పట్టుకుని కూర్చున్నాడు. తరవాత, "చెయ్యి ఇలా ఇవ్వు తల్లీ. ఎంతవరకు గుర్తుందో చూద్దాం" అన్నాడు. మణికట్టు పట్టుకుని వంచాడు. వదలగానే తిన్నగా అయిపోయింది. మళ్లీ వంచాడు. ఈసారి చెయ్యి లేచి అలమార తలుపుకి ఠంగున తగిలింది.

"రాదు నాన్నా" అంది అమ్మాయి. "ఇక రాదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ అప్పుడు నోరు విప్పింది. "మీ అక్కయ్య గదిలో ముప్ఫై ఏళ్లు పడుకున్నాను. ఒక్కరోజూ హాయిగా నిద్రపట్టలేదు. కొత్తగా వచ్చే కోడలిపిల్లకి కూడా ఆ గతి పట్టిద్దామా?"

నాన్న లేచి వెళ్లి అలమార పై అరలోంచి పువ్వుల కాగితం తీసి, చుట్టచుట్టి బయటపెట్టాడు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. ఇంటి వెనక బట్టలారేసుకునే జాగా చూసి, "ఒక గది వస్తుంది. ఎంత పొడుగు పెట్టమంటారు?" అని అడిగాడు.

అమ్మాయి సంచిలో టేపు ఉంది. అది తియ్యకుండా వెళ్లి నేల మీద వెల్లకిలా పడుకుంది. కాళ్లు చాపి, చేతులు రెండూ తల మీదుగా ఎంత దూరం పోతే అంత దూరం చాచి, "ఇంత" అంది.

మేస్త్రీ ఆమె కాళ్ల దగ్గర ఒక మేకు, వేళ్ల దగ్గర ఒక మేకు దిగ్గొట్టి తాడు కట్టబోయాడు. నాన్న వంగి, ఆ రెండో మేకు పీకి, ఇంకో అడుగు అవతల పాతాడు.

"మా అక్కయ్య ఎప్పుడైనా వస్తే పట్టాలి" అన్నాడు మేస్త్రీతో. "నాకంటే పొడుగు."