ఈస్టరు పొద్దున వంటగది

"ఇంట్లో ఈస్టరంటే గుడ్లూ రొట్టెలూ కాదు. అసలు అర్థం మరిచిపోకూడదు."

మా ఆయన అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లె వేస్తున్నారు. నేను పొయ్యి ముందు నిలబడి ఆ గుడ్లే ఉడకబెడుతున్నాను. ఉడకబెట్టమన్నదీ ఆయనే.

ఆయన మా చర్చిలో సంఘపెద్ద. మా సంఘంలో ఈస్టరు నాడు తెల్లవారుతుండగా సమాధుల తోటలో ఆరాధన జరుగుతుంది. అది కాగానే అందరూ ఫలహారానికి మా ఇంటికి వస్తారు. అందుకని పెళ్ళయినప్పటినుంచీ ఆ ఆరాధన ఎలా ఉంటుందో నేను చూడలేదు. పాట మాత్రం వంటగది కిటికీలోంచి వినబడుతుంది, ఎవరింట్లోనో పెళ్ళి జరుగుతున్నట్టు. మొదట్లో ఏడుపొచ్చేది, తరవాత కోపమొచ్చేది. ఇప్పుడు, నిజం చెప్పాలంటే, ఈయన్ని చూస్తే నవ్వొస్తుంది. మాటలు కోటలు దాటుతాయి, తాగిన గ్లాసు మాత్రం బల్ల దాటదు.

ఈసారి సంగతి వేరు. చలికాలంలో మా అమ్మ పోయింది. ఆ తోటలోనే, గోడ పక్కన పెట్టాం. మట్టి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. చనిపోయినవాళ్ళు లేస్తారని అందరూ పాడేటప్పుడు నేను అమ్మ దగ్గర నిలబడి పాడాలి. నాకు కావలసింది అంతే. నిన్న ఆ మాటే అడిగాను.

"ఎప్పుడైనా వెళ్ళొచ్చుగా, ఆవిడెక్కడికి పోతుంది?" అన్నారు.

"నమ్మకం మనసులో ఉంటే చాలమ్మా, ఎక్కడుంటే ఏం?" అన్నారు అత్తయ్య. తోటలో ముందు వరసలో ఆవిడ కుర్చీ ఎప్పుడూ వేసే ఉంటుంది మరి.

ఆవిడెక్కడికి పోతుందట. పునరుత్థానం గురించి ఊరందరికీ చెప్పే పెద్దమనిషి నోటి మాట అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయనకి ఇంట్లో నమ్మకమే లేదు, రచ్చలో మాత్రం మైకు ఉంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి భక్తికి భయపడ్డానే అని నా మీద నాకే రోత పుట్టింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటగదిలోకి వచ్చారు.

"ఇది విను. యేసు లేచిన ఆ పొద్దున మగవాళ్ళంతా తలుపులేసుకుని కూర్చుంటే, ఆడవాళ్ళే చీకటితో లేచి సమాధి దగ్గరికి వెళ్ళారు. 'ఆయన ఇక్కడ లేడు, వచ్చి చూడండి' అని దేవదూత చెప్పిందీ వాళ్ళకే. ఎలా ఉంది?"

"బాగుంది."

"టీలో పంచదార తగ్గించు. పోయినసారి పాస్టరుగారు మొహం చిట్లించారు."

తల్లీ కొడుకూ వెళ్ళిపోయారు. టీ నీళ్ళు అప్పుడే మరగడం మొదలెట్టాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఆడవాళ్ళని పొగడడానికి కూడా ఈయనకి ఇంట్లో ఒక ఆడది టీ కాస్తూ ఉండాలి. పొయ్యి కట్టేసి చెప్పులు వేసుకున్నాను.

నేను వెళ్ళేసరికి పాట మొదలైంది. నేరుగా గోడ దగ్గరికి నడిచి, మట్టి మీద చెయ్యి ఆనించి, గొంతెత్తి పాడాను. శ్రుతి తప్పింది. తప్పితే తప్పింది. కొందరు తలలు తిప్పి చూశారు. పాట అయ్యాక ఆయన అందరికీ చిరునవ్వులు పంచుతూ నా దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున అన్నారు.

"నువ్విక్కడున్నావేంటి? మరి ఇంట్లో ఎవరున్నారు?"

నేను చెయ్యి తియ్యలేదు. అందరికీ వినబడేలా చెప్పాను.

"అక్కడ ఎవరూ లేరండీ. కావాలంటే వెళ్ళి చూసుకోండి."