ఊడ్చిన గదిలో మిగిలిన చప్పుడు

పాట విని చూడ్డానికి కొనేవాళ్లెవరైనా వస్తున్నారంటే, ఆవిడ ముందుగదిలో చప్పుళ్లన్నీ ఊడ్చేది. ఫ్యాను రొద కుర్చీల కింద పేరుకునేది. ఫ్రిజ్ గుర్రు మూల పట్టేది. వీధిలో హారన్లు కిటికీ చువ్వల్లో చిక్కుకునేవి. అన్నిటినీ చీపురుతో ఒకచోటికి చేర్చి, చేటకెత్తి పెరట్లో పారబోసేది. పక్కింటావిడ మాత్రం, "మా గోడ వైపు పొయ్యకమ్మా, ఇప్పుడే పాప పడుకుంది" అనేది.

ఆ ముందుగదే వాళ్ల ఆంప్లిఫయర్ల దుకాణం. భర్త తయారుచేస్తాడు, ఆవిడ తమ్ముడు అమ్ముతాడు. ఆరోజు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. కొత్తగా చేసిన పెట్టె పాతదానికన్నా బాగా పలుకుతుందని భర్త. ఏమీ తేడా లేదని తమ్ముడు.

"నీ చెవులకి తుప్పు పట్టిందిరా!"

"పట్టిందే అనుకో బావా. కొనేవాళ్లందరికీ పట్టిందా? వినపడని తేడాని నేనెలా అమ్మను? ఇలాగైతే నా దారి నేను చూసుకుంటా."

ఆ మాటకి ఆవిడ ఉలిక్కిపడింది. "ఇద్దరూ కాసేపు నోళ్లు మూసుకోండి" అని చీపురందుకుంది. ఆరోజు సందుగొందులు కూడా వదల్లేదు. బల్బు చేసే సన్నటి జుమ్మును సైతం దులిపి పారేసింది.

పాటేమీ పెట్టకుండా పాత పెట్టె ఆన్ చేశారు. దూరంగా వాన పడుతున్నట్టు ఒక బుస. కొత్తది పెట్టారు. ఆ వాన లేదు.

"ఉంది బావా, తేడా ఉంది!" అని తమ్ముడు ఎగిరి గంతేశాడు.

ఆవిడ మాత్రం మొహం చిట్లించింది. "మరి ఆ సుయ్యిమనేదేంటి? వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది."

భర్త మొహం వాడిపోయింది. పెట్టె కట్టేశాడు. ప్లగ్గు కూడా పీకాడు. సుయ్యి ఆగలేదు. ఆవిడ చెవి ఒగ్గి, దాని వెంటే నడిచి, ఆయన దగ్గర ఆగింది. చొక్కా మీద చెవి ఆనించింది.

"మీలోంచే వస్తోందండీ."

ఆయన నవ్వబోయాడు.

"మెట్లెక్కితే ఆయాసం అంటున్నారుగా. చెప్పులేసుకోండి."

గుండెలో కవాటం కారుతోందనీ, ఇంకొన్నాళ్లు ఊరుకుంటే చెయ్యి దాటిపోయేదనీ డాక్టరు చెప్పింది. లోహపు కవాటం అమర్చారు. బావ కోలుకునేదాకా తమ్ముడు ఆస్పత్రి వరండాలోనే ఉండి, కనపడినవాళ్లందరికీ కొత్త పెట్టె గొప్పలు చెప్పాడు. ఇద్దరు కొన్నారు కూడా.

ఇప్పుడు ఆయన గుండె టిక్కు టిక్కుమని పైకే వినపడుతుంది. మొదట్లో ఆవిడ "ఇదెక్కడి గోల" అని అటు తిరిగి పడుకునేది. ఈమధ్య వంటింట్లో కూర కలుపుతూ ఉన్నట్టుండి గరిట ఆపేస్తోంది. పక్కగదిలోంచి ఆ చప్పుడు చెవిన పడ్డాకే మళ్లీ కలుపుతోంది.