అబుందియో మూసిన గుంట

టీవీ వాళ్ళకి నేను ఒప్పుకున్నది ఒకే ఒక్క కారణానికి. మా ఆయన ఫొటో దేశమంతా చూడాలి. అంతే. మా గొర్రె మాంసం గురించి ఎవరికి తెలిస్తే నాకేం, తెలియకపోతే నాకేం?

వాళ్ళది టాకోల కార్యక్రమం. ఏ రాష్ట్రంలో రొట్టెలో ఏం చుట్టుకు తింటారో వారానికొకటి చూపిస్తారు. సముద్రం వైపు చేప, ఉత్తరాన గొడ్డు మాంసం, మా ఇడాల్గోకి వచ్చేసరికి గుంటలో ఉడికిన గొర్రె. ఆదివారం నా దుకాణం ముందు జనాన్ని చూసి వ్యాను ఆపారు. వాళ్ళ డైరెక్టరు పేరు రెనాతా. ముప్పై కూడా ఉండవు, బూట్లకి మా మట్టి అంటకుండా పిల్లిలా నడిచేది. పిల్ల చెడ్డది కాదు. అదే నా ఖర్మ, చెడ్డదైతే నమ్మేదాన్ని కాదు.

అప్పటికి మా ఆయన అబుందియో కనపడకుండా పోయి పద్నాలుగు నెలలు. ఆ శనివారం మధ్యాహ్నం గుంటలో కట్టెలు కాల్చి, రాళ్ళు ఎర్రబడ్డాక కిత్తనార మట్టలు పరిచి, శనగలేసిన చారు గిన్నె, దాని మీద మాంసం దించి, పైన మట్టి కప్పాడు. "మట్టలు అయిపోయాయే, వచ్చే వారానికి కోసుకొస్తా" అని ట్రక్కు తీసుకుని కొండవైపు వెళ్ళాడు. ట్రక్కు దొరికింది, రెండు తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. మనిషి దొరకలేదు.

మా పేటలో ఒక పద్ధతుంది. గుంట ఎవరు మూస్తే వాళ్ళే తెరవాలి. జ్వరంతో లేవలేకపోతే మంచంతో సహా మోసుకొచ్చి ఆ చేత్తోనే మొదటి పార మట్టి తీయిస్తారు. ఆ మనిషి చచ్చిపోతేనే పెళ్ళాం తెరుస్తుంది. అందుకని ఆ ఆదివారం మేం తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. వాసన కొట్టింది. కుక్కలు తవ్వబోతే మా అత్త కుర్చీ వేసుకుని, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. నేను పెరట్లో ఇంకో గుంట తవ్వుకున్నాను. బతకాలి కదా.

"ఆ దిబ్బేంటండీ?" అని అడిగింది రెనాతా.

నా నోరు ఊరుకోదు. మా ఆయన మూశాడు, ఆయనే వచ్చి తెరవాలి అని చెప్పాను. చచ్చిపోతే పెళ్ళాం తెరుస్తుందన్న మిగతా సగం మాత్రం మింగేశాను. ఆ పిల్ల కాసేపు దిబ్బనే చూస్తూ నిలబడి, నన్ను పక్కకి పిలిచింది.

"ఎర్మెలిందా గారూ, తప్పుగా అనుకోకండి. ఇది తిండి కార్యక్రమం. మీరు ఊరికే ఫొటో పట్టుకుని నిలబడితే మా పైవాళ్ళు కత్తిరించేస్తారు. అదే ఆ గుంట తెరిచారనుకోండి, ఫొటో లేకుండా కథే లేదు. తెర నిండా చూపిస్తా. కింద మీ ఫోన్ నంబరు వేయిస్తా."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

పార తీసుకున్నాను. అత్త కర్ర అడ్డం పెట్టింది.

"వాడు బతికుండగానే తెరుస్తావా? నీకు సిగ్గుందా?"

"బతికున్నాడనే తెరుస్తున్నా అత్తా. ఏ ఆసుపత్రిలో పడున్నాడో, ఎవరి పొలంలో వెట్టిచాకిరీ చేస్తున్నాడో. ఎక్కడో ఒక్కరు గుర్తుపడితే చాలు. మీరు పద్నాలుగు నెలలు కర్ర పట్టుకుని కూర్చున్నారుగా, వచ్చాడా?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ముసలావిడ కర్ర అక్కడే పడేసి లోపలికి పోయి తలుపేసుకుంది.

తెరిచాను. మట్టలు తాకగానే పొడైపోయాయి. ఎముకలు, వాటికి అంటుకుని నల్లటి తోలు. కెమెరా నా ముఖం మీదే ఉంది, ఏడుస్తానని చూస్తున్నారు. పంతం పట్టి ఏడవలేదు. అడుగున చారు గిన్నెలో శనగలు గులకరాళ్ళలా గట్టిపడి ఉన్నాయి. ఆ శనివారం పొద్దున వాటిని ఏరి కడిగింది నేనే. అప్పుడు మాత్రం ఏడ్చాను, వాళ్ళకి కావలసినంత ఏడ్చాను.

రెండు నెలల తర్వాత ఓ సాయంత్రం వేశారు. పేటంతా మా వాకిట్లోనే కూర్చుంది. పక్కింటి చోనా తెర మీద కనపడగానే, "ఇంత లావున్నానేంటే నేను?" అంది. "లేదు, టీవీయే చిన్నది" అన్నాడు వాళ్ళాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత నేను, నా చేతిలో పార. ఆ వెంటనే తెర మీద చోనా, "మూసినవాడే తెరవాలమ్మా. వాడు చచ్చిపోతేనే పెళ్ళాం తెరుస్తుంది" అంటోంది. నేను మట్టి తీస్తున్నాను. ఏడుస్తున్నాను. అప్పుడు మా ఆయన ఫొటో, చెప్పినట్టే తెర నిండా. కింద నంబరు లేదు. ఎవడో బొంగురు గొంతువాడు, "ఎర్మెలిందా తన భర్తకి ఇలా వీడ్కోలు చెప్పింది" అన్నాడు. నంబరు చివర్లో వచ్చింది, దుకాణం చిరునామా కింద, ఆదివారాలు మాత్రమే అని.

వాకిట్లో మగవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీశారు.

"నువ్వు తెరవకముందే అడిగారే నన్ను," అంది చోనా. "పద్ధతేంటని అడిగితే చెప్పాను. నువ్వు తెరుస్తావని నాకేం తెలుసు?"

మర్నాడు ఆడవాళ్ళు తెల్ల పూలు, కొవ్వొత్తులు, కాఫీ పట్టుకుని పోయినవాళ్ళ కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనకి వచ్చారు. పొమ్మని గుమ్మంలోంచే తరిమాను. వెనకనించి అత్త వచ్చింది, నల్ల బట్టల్లో. "నీ చేత్తో నువ్వే వాణ్ణి చంపేశావు. నన్ను ప్రార్థనైనా చేసుకోనీ" అని వాళ్ళని లోపలికి పిలిచింది. నేను పెరట్లో కూర్చున్నాను.

ఫోన్ వారం రోజులు మోగింది. మోగిన ప్రతిసారీ పరిగెత్తాను. ఆదివారం ఎన్నింటికి తీస్తారు, కారు పెట్టడానికి చోటుందా, కిలో పక్కన పెట్టగలరా. ఒకసారి రెనాతా చేసింది. పైవాళ్ళు మార్చేశారని ఏదో చెప్పబోయింది. "మీ అమ్మ కులాసాగా ఉందా?" అని అడిగి పెట్టేశాను.

నెలనెలా మొదటి సోమవారం గల్లంతైనవాళ్ళ ఆఫీసుకి వెళ్తాను. అక్కడి గుమాస్తా తలెత్తకుండా, "కొత్త కబురేం లేదమ్మా" అంటాడు. ఈసారి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"చాలా బాధపడ్డానమ్మా," అన్నాడు.

"ఆయన చచ్చిపోలేదు. అది టీవీ కోసం తెరిచాను. మీరు వెతకండి."

"మాదీ మీ పక్క ఊరేనమ్మా. మా నాన్న మూసిన గుంట మా అమ్మే తెరిచింది. పెళ్ళాలు అబద్ధానికి తెరవరు. వేరే ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు, మీరు తెరవడం నా కళ్ళతో చూశాను." అబుందియో ఫైలుకి తాడు కట్టి వెనక బీరువాలో పెట్టి, తలుపు వేశాడు. "బయట చాలామంది ఉన్నారమ్మా. కాస్త లేవండి."

"నేను లేవను," అన్నాను.

అతను గుమ్మంవైపు చూసి తర్వాతి మనిషిని పిలిచాడు. ఒకావిడ వచ్చి, కుర్చీ ఖాళీ లేక, నా వెనక నిలబడే తన కొడుకు పేరు చెప్పింది.