అమ్మ బోర్లించిన గిన్నె

భూకంపాల అలలతో భూమి లోపలి బొమ్మ గీయడం బ్రహ్మవిద్యేమీ కాదు. గట్టి రాతిలో అల చకచకా నడుస్తుంది. కరిగిన రాయి, అంటే మాగ్మా ఎదురైతే కాళ్ళీడుస్తుంది. ఎక్కడికి ఆలస్యంగా చేరితే అక్కడ కింద మాగ్మా ఉందని అనుమానించాలి, అంతే.

అగ్నిపర్వతం ఏనాడో కుంగిపోయి మిగిలిన గుంటలోనే ఊరు, పక్కనే చెరువు. భూకంపాల మీద పనిచేసే అమ్మాయి ఊరి చుట్టూ అలలు పట్టే పన్నెండు యంత్రాలు పెట్టింది. పన్నెండోదానికి చోటు దొరక్క అమ్మ వెనక గదిలో పెట్టి, దాని యాంటెనా డబ్బా పెరటి గోడకి బిగించింది. అమ్మ దర్జీ. యంత్రం అదిరిపోతుందని, ముప్ఫై ఏళ్ళుగా కదలని కుట్టుమిషన్ని వీధిగదిలోకి మార్చుకుంది మహాతల్లి.

ఈ నెల ఏ భూకంపం అల చూసినా అమ్మ ఇంటికి దాదాపు సెకను ఆలస్యం. కంప్యూటర్లో మాగ్మాని చూపించే ఎర్రమచ్చ సరిగ్గా ఆ ఇంటి కిందే తేలింది. సాయంత్రం అధికారులకి పటం ఇస్తే వీధంతా ఖాళీ చేయిస్తారు. ఆ ఒక్క యంత్రాన్నీ లెక్కలోంచి తీసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది. అనిపించినందుకు తనని తానే తిట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

అమ్మ అంతా విని కత్తెర పక్కన పెట్టింది.

"నువ్వు చెప్పావంటే నిజమేలే. బండిలో మిషను పడుతుందా, బట్టలొక్కటే సర్దనా?"

ఒక్క ఎదురుమాట లేదు. అమ్మాయికి ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళితే, గోడ మీద యాంటెనాకి బోర్లించి తాడుతో కట్టిన స్టీలు గిన్నె కనిపించింది.

"అమ్మా, ఇదెప్పుడు పెట్టావు?"

"వానలు మొదలైనప్పుడు. తడుస్తోంది కదా పాపం."

నీ దుంపతెగ! ఉపగ్రహాలను చూసి టైము సరిచేసుకునే యాంటెనా అది. దాని కళ్ళు మూసేస్తే నెలరోజులుగా గడియారం తప్పింది. అల ఆలస్యం కాలేదు, గడియారమే ముందుకి పరిగెత్తింది.

గిన్నె తీసి, తప్పిన టైము కొలిచి, లెక్క మళ్ళీ వేసేసరికి ఎర్రమచ్చ చెరువు అడుగుకి జరిగింది. అక్కడ చేపలు తప్ప ఎవరూ ఉండరు.

"వానకి తడవడానికే చేశారమ్మా దాన్ని. ఎందుకు మూశావసలు?" అంది, కోపం తెచ్చుకోబోయి.

సర్దిన బట్టలు బీరువాలో పెడుతున్న అమ్మ వెనక్కి తిరగలేదు.

"డబ్బా మీద నీ పేరు అతికించావు కదే. చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకోనా?"