పైలం

నాచారంలో మూతబడిన ఒక గోదాములో ఆదివారాలు మేం కత్తిసాము చేస్తాం. మన కత్తిసాము కాదు, ఐదారు వందల ఏళ్ల కిందటి యూరప్‌ది. కత్తి ఇనుపదే గానీ అంచు మొద్దు, మొహానికి జాలీ మాస్కు. మాకు నేర్పే కనకరాజన్న ‘పై’ అంటే తలమీదికి కొట్టాలి, ‘కింద’ అంటే కాళ్లమీదికి. చెవిన పడగానే చెయ్యి లేవాలి, ఆలోచించకూడదు. పోచారంలో కంప్యూటర్ ముందు ఆలోచించి ఆలోచించి విసిగినవాణ్ణి, నాకు అదే నచ్చింది.

నా జోడీ త్రివేణి. ఉప్పల్‌లో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆమెతో ఆడితేనే నాకు ఆడినట్టుండేది. జూన్‌లో ఒకరోజు ఆట మధ్యలో ఆమె మాస్కు పట్టీ ఊడింది. నేను చూడలేదు, అన్న చూసి “పైలం!” అని అరిచాడు. కాకినాడవాణ్ణి, పైలమంటే జాగ్రత్తని నాకేం తెలుసు? ‘పై’ వరకే వినబడింది. కొట్టాను. మాస్కు ఎగిరిపోయింది, దవడ ఎముక విరిగింది.

ఆసుపత్రి బయట నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. ఎవరో టీ ఇస్తే తాగాను.

“నీ తప్పు గాదు తమ్మీ. ఆగు అనాలె. నా నోట్ల నుంచి గదే వచ్చింది” అని అన్న వెక్కివెక్కి ఏడ్చాడు. పరాయివాళ్ల ఇంట్లో గొడవ చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

మూడు నెలలకు త్రివేణి వచ్చింది. డిసెంబరులో బెంగళూరులో పోటీ ఉందట, దానికి నాతోనే సాధన చేస్తానంది. ఆమె నా జోడీగా మిగిలితే చాలనుకున్నాను.

కానీ నా కత్తి ప్రతిసారీ ఆమెకు జానెడు దూరంలో ఆగిపోయేది. నేను ఆపడం లేదు, అదే ఆగుతోంది. మూడో ఆదివారం ఆమె మాస్కు తీసేసింది.

“గిదేంది బుచ్చిబాబూ? కొట్టవేంది?”

“కొడుతున్నాను కదా.”

“యాడ? నువ్వు ఆపుతవని నాకు అలవాటైతే, ఆడ పోటీల ఎవలన్న నిజంగ కొడితె నా చెయ్యి లేస్తదా? మళ్ల నా దవడనే పగులుతది.”

నేను కత్తి దించాను. లోపల ఏమీ కదల్లేదు.

“కోపమేం లేదు. పవన్‌కుమార్‌తో ఆడుత” అని వెళ్లిపోయింది.

దెబ్బ తిన్నవాళ్లే తగిలిందని ఒప్పుకోవడం మా దగ్గర మర్యాద. మాతోపాటే నేర్చుకునే పవన్ మొదటి దెబ్బకే ఆమె మాస్కు ఖంగుమంది.

“మంచిగ తాకింది!” అని త్రివేణి పెద్దగా నవ్వింది.

నాతో ఆ మాట అని మూడు నెలలు దాటింది. ఇక అనదు.