గోవర్ధన్ చూపుడువేలు

అఫ్జల్‌గంజ్‌లో ఫ్లెక్సీలు డిజైన్ చేసే గోవర్ధన్ దుకాణంలోనే కుప్పకూలాడు. మలక్‌పేట ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు.

డాక్టరు అతని భార్య యశోదను పిలిచాడు. "స్కానింగ్‌లో తలలో పాత ఆపరేషన్ క్లిప్ కనబడింది. అది ఏ లోహమో తెలియకుండా ఎంఆర్ఐ తియ్యలేం. రిపోర్టు తీసుకురండి, తొందరగా."

ఆ ఆపరేషన్ పెళ్లికి ముందటిది. చేసిన ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. మూసీ నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడాది కాగితాలన్నీ నానిపోతే, గోవర్ధన్ వాటిని ఆరబెట్టి, ఫొటోలు తీసి లాప్‌టాప్‌లో దాచాడు.

మరిది పింటూ దుకాణం నుంచి లాప్‌టాప్ తెచ్చాడు. తెరిస్తే వేలు పెట్టమంది.

"పిన్ ఏంది వదినా?"

"నాకేమెరుక? వేలు పెడ్తె సాలు, యాదుంచుకునే ఫికరే లేదు, ఎవ్వడు దొంగిలించలేడు అని మురిసేటోడు మీ అన్న!"

ఇద్దరూ లాప్‌టాప్‌తో ఐసీయూకి పరిగెత్తారు. బేబీ అనే నర్సు అడ్డం నిలబడింది.

"నీ కాళ్లు మొక్కుత సిస్టర్, ఒక్కసారి." యశోద నిజంగానే వంగింది. బేబీ ఆమెను లేపి దారి ఇచ్చింది.

సెలైన్ ఎక్కి కుడి చెయ్యి ఉబ్బి, చల్లబడి ఉంది. యశోద భర్త చూపుడువేలు పట్టుకుని ఆనించింది. తెరుచుకోలేదు. మళ్లీ ఆనించింది. చివరికి పిన్ కొట్టమంది. పెళ్లి తేదీ కాదు. బండి నంబరు కాదు. బిడ్డ పుట్టినరోజూ కాదు.

"ఇంకా తప్పు కొడ్తె మొత్తమే బందయితది," అని పింటూ దాన్ని ఆర్పి మళ్లీ వెలిగించాడు.

యశోద ఆ చేతిని తన అరచేతుల మధ్య రుద్దింది. నోటితో వెచ్చగా ఊదింది. "ఏమయ్యా, గీ ఒక్క పని చెయ్యి. ఇంకేమడగ." బేబీ తడిదూదితో వేలు తుడిచి, చేతిని ఎత్తి పట్టుకుంది. ఈసారి తెర తెరుచుకుంది.

క్లిప్ టైటానియందని, అయస్కాంతానికి కదలదని రిపోర్టులో ఉంది. వెంటనే ఎంఆర్ఐ తీశారు. సాయంత్రానికి ఆపరేషన్ అయింది.

ప్రాణం దక్కింది కానీ కుడిపక్క పడిపోయింది. మాట వచ్చిన రోజునే యశోద పిన్ అడిగింది.

"యాదికొస్తలేదు," అన్నాడు గోవర్ధన్ ముద్దగా. "ఎన్నడు కొట్టలేదు గదా."

"పోనీ తియ్యి, పింటూ అన్ని పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిండు. గని నాకు తెల్వకుంట ఇంక దేనికీ తాళమెయ్యకు. నీ వేలు పట్టుకుని బతిమాలిన, నువ్వు పలకలే. గట్ల మళ్ల నాతోని కాదు."

ఆమె కళ్లు తుడవాలని గోవర్ధన్ కుడి చెయ్యి ఎత్తబోయాడు. అది లేవలేదు.