ముప్పై ఒకటో పేజీ

నేను ఒక రబ్బరు ముద్రను. నున్నటి చెక్క పిడి, దాని కింద గుండ్రంగా 'శ్రీ వాణీవిలాస గ్రంథాలయం' అనే అక్షరాలు. నా ముఖం మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి కాగితం మీద పడితే గానీ నేనేమంటున్నానో ఎవరికీ తెలియదు. బెజవాడలో ఒక స్టాంపుల కొట్టులో పుట్టాను. ఊదా సిరా తాగి పెరిగాను.

నన్ను మొదట చేతబట్టినవాడు శరభయ్య గారు. కాలువగట్టు మీది ఆ చిన్న గ్రంథాలయానికి ఆయనే గ్రంథపాలకుడు, ఆయనే జవాను. కొత్త పుస్తకం వస్తే రెండుచోట్ల నన్ను వేసేవాడు. ఒకటి మొదటి పేజీలో, అందరికీ కనబడేట్టు. రెండోది ముప్పై ఒకటో పేజీలో, ఎవరికీ చెప్పకుండా. పుస్తకం ఎత్తుకుపోయినవాడు మొదటి పేజీ చింపేస్తాడు, లోపలి ముద్ర సంగతి వాడికి తెలియదు. ఎక్కడ దొరికినా ఆ పేజీ తిప్పి చూపించి, ఇది మాదేనని తెచ్చుకోవచ్చు. శరభయ్య గారు పదవి దిగిపోతూ ఈ రహస్యాన్ని తన తర్వాత వచ్చిన సువార్త చెవిలో వేసి వెళ్లాడు.

సువార్త మంచి మనిషి. ఆ మంచితనమే ఆమె కొంప ముంచింది. ఆమె చేతికి స్మార్ట్‌ఫోను రావడంతో గ్రంథపాలకుల కోసం ఫేస్‌బుక్‌లో ఒక పేజీ పెట్టింది. ఊడిపోయిన అట్ట ఎలా కుట్టాలి, పురుగు పట్టకుండా వేపాకు ఎలా వేయాలి, పాత కాగితం చిరిగితే ఏ జిగురు వాడాలి, అన్నీ తీసి చూపించేది. ఫోను నిలబడటానికి నా సిరాపెట్టె ఆనించేది. ఎక్కడెక్కడి గ్రంథపాలకులో అడిగేవారు, ఈమె చెప్పేది. తనకు తెలిసింది పదిమందికీ తెలియాలని ఆమె పడే తాపత్రయం చూస్తే మొదట్లో నాకూ ముచ్చటేసేది.

ఒకరోజు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల ఒకతె అడిగింది, పుస్తకాలు పోకుండా మీరేం చేస్తారు మేడమ్ అని. సువార్త నన్ను పైకెత్తి ఫోనుకు చూపించింది. బీరువాలోంచి ఒక పాత నాటకం తీసి ముప్పై ఒకటో పేజీ తెరిచింది. "ఈ గుట్టు బయటివాళ్లకి తెలీదండీ. మన మధ్యే ఉండాలి," అంది. అని, లోకమంతా చూసేలా ఆ వీడియో పెట్టేసింది. వేలమంది చూశారు. ఒక్కరు కూడా 'అమ్మా, ఇది తీసెయ్యి' అనలేదు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

తర్వాత కొన్నాళ్లకు పూర్ణచంద్రరావు వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. "మీ వీడియో ఒక్కటీ వదలనండీ మేడమ్. మీలాంటివాళ్లుండబట్టే పుస్తకం ఇంకా బతికుంది," అన్నాడు. సువార్త మొహం ఇంతయింది. ఎవరికీ తెరవని నాటకాల బీరువా అతనికి తెరిచిపెట్టింది. అవి పాత ముద్రణలు, ఆ ఊరి నటులు అంచుల్లో తమ చేత్తో రాసుకున్న గుర్తులున్న పుస్తకాలు, ఇంకెక్కడా లేనివి. అతను వారాల తరబడి వచ్చి కూర్చున్నాడు. ఆమె అతనికి టీ కూడా తెప్పించింది. మనుషులకు పొగడ్త ఎంత తొందరగా ఎక్కుతుందో చూసి నాకు ఒళ్లు మండేది.

అతను రావడం మానేశాక, పుస్తకాలు పోయిన సంగతి ఆమెకు ఫోనులోనే తెలిసింది. పాత పుస్తకాలు అమ్మే ఒక పేజీలో తన బీరువాలోని నాటకం బొమ్మ కనబడింది. వెన్ను మీద తను కుట్టిన నీలం దారం చూసి గుర్తుపట్టింది. బీరువా తెరిచి చూస్తే సగం ఖాళీ. ముద్ర సరిపోల్చి చూపించాలని నన్ను సంచిలో వేసుకుని, ఆ పేజీలో ఉన్న చిరునామా పట్టుకుని బెజవాడ బస్సెక్కింది. ఆ కొట్టు పూర్ణచంద్రరావుదే. లేచి కుర్చీ వేశాడు.

"ఇది మా పుస్తకమండీ," అంది సువార్త.

"ఏ గుర్తుతో అంటున్నారు మేడమ్?"

మొదటి పేజీ ఎలాగూ లేదు. ఆమె గబగబా లోపలి పేజీలు తిప్పింది. ముప్పై తర్వాత ముప్పై మూడు వచ్చింది. మధ్యలో ఆకును బ్లేడుతో నున్నగా కోసేశారు.

"పాత పుస్తకాలు కదండీ, ఒకటీ అరా పేజీలు పోతుంటాయి," అన్నాడతను.

"ఈ కుట్టు నాది. ఈ నీలం దారం నాది."

"ఎలా కుట్టాలో మీరే చూపించారు కదా మేడమ్. మేమూ నేర్చుకున్నాం."

 సువార్త సంచిలో చెయ్యి పెట్టి నన్ను గట్టిగా పట్టుకుంది.  నేనేం సాక్ష్యం చెప్పగలను? నేను పడ్డ కాగితమే లేదు.

గ్రంథాలయ కార్యదర్శి దశరథరామయ్య గారు పెద్దగా తిట్టలేదు. "దొంగను ఏమనుకుంటాం లేమ్మా. దారి చూపించింది మనమేగా," అన్నాడు. నెలాఖరుకు ఉద్యోగం మానుకోమన్నాడు. జరిగిందంతా ఆమె తన పేజీలో రాసి, ఒక ఆకు కోసేసిన నాటకాలు ఎక్కడైనా కనబడితే చెప్పమని వేడుకుంది. కింద ఒకరు 'సూపర్ మేడమ్' అన్నారు. ఇంకొకరు గులాబీ పువ్వు పెట్టి శుభోదయం చెప్పారు. ఆ కొత్త ఉద్యోగం పిల్ల ఏడుపు బొమ్మ పెట్టింది. చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆఖరి రోజు సువార్త తలుపు దగ్గరికి వేసి, బీరువాలో మిగిలిన నాటకాలన్నీ బల్ల మీద పేర్చింది. నన్ను సిరాలో అద్దింది. మొదటి పేజీలో వేసింది, రెండో పేజీలో వేసింది, మూడో పేజీలో వేసింది. పద్యమని చూడలేదు, మాటలని చూడలేదు, ఎవరో నటుడు పెన్సిలుతో రాసుకున్న గుర్తని చూడలేదు. ఏడుస్తూ వేసింది. సిరా అయిపోతే మళ్లీ పోసి వేసింది. ఆపమని చెప్పడానికి నాకు ఆ ఒక్క పేరు తప్ప ఇంకో మాట రాదు.

ఆ పుస్తకాలు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి. వాటిని ఇక ఎవరూ ఎత్తుకుపోరు. ఎవరూ చదవలేరు కూడా.